ఊరూ పేరూ లేని బొత్తాం

రాతికి ఉన్న అదృష్టం ఇత్తడికి లేదు. బెజవాడ బందరు రోడ్డులో, 1887లో విక్టోరియా రాణి జూబిలీ పేరిట మొదలైన కట్టడంలో ఈనాటి బాపు మ్యూజియం ఉంది. రాతియుగపు పనిముట్లు మొదలుకొని బౌద్ధ శిల్పాల దాకా అక్కడ చూడవచ్చు. అరచేతిలో ఇమిడే రాతిముక్కను, దాని అంచు మీద రేగిన పెచ్చులను చూసి "ఇది ప్రకృతి చెక్కినది కాదు, మనిషి చెక్కినది, దీనితో కోసేవారు" అని చెప్పగల పండితులు మనకున్నారు. అదే ఊళ్ళో, మన తాతల నాటిదో తండ్రుల నాటిదో అయిన ఒక చిన్న కరెంటు బొత్తాం చూపించి "ఇది దేనికి వాడేవారు?" అని అడిగితే మాత్రం ఎవరికి తోచింది వారు చెబుతారు. వేల ఏళ్ళ కిందటి వస్తువు తెలుస్తుంది. నిన్నమొన్నటి వస్తువు తెలియదు. ఈ విడ్డూరం గురించే ఈ టపా.

ముందుగా ఆ బొత్తాం సంగతి. వన్‌టౌన్‌లో పాత సామాన్ల కొట్టులో, ఇత్తడి మరలూ పగిలిన హోల్డర్లూ ఫ్యూజు కేరియర్లూ కలగలిసిన గోనెసంచిలోంచి తూకానికి వచ్చింది. రూపాయి బిళ్ళకన్న కొంచెం పెద్దది. ముదురు గోధుమరంగు ఒళ్ళు. దాని మీద ఇత్తడి మెడ, మెడ చుట్టూ మరచుట్లు, వాటికి ఒక పలుచని నట్టు. మెడ నడుమ దంతం రంగు బొత్తాం. బొత్తాం పైభాగం వేలికొన ఆనేటట్టుగా కొద్దిగా గుంటపడి ఉంటుంది. వెనుక వైపు తీగలు బిగించడానికి రెండు మరలు. కంపెనీ పేరు లేదు, ఊరి పేరు లేదు, ఓల్టుల అంకె లేదు. నొక్కితే లోపలికి పోతుంది, వదిలితే బయటకు వస్తుంది. అది తనంతట తానుగా చెప్పే చరిత్ర పైకి చూస్తే ఇంతే.

చూసిన ప్రతివారూ దానికి అక్కడికక్కడే నామకరణం చేసేశారు. కాలింగ్ బెల్ స్విచ్చి అన్నారు ఒకరు. పాత కారు హారన్ బొత్తాం అన్నారు మరొకరు. పాత వస్తువులు కొని అమ్మే పరిచయస్థుడు మాత్రం తడుముకోకుండా "బ్రిటిషు కాలం నాటి రైల్వే సామాను" అన్నాడు. ఈ మూడు పేర్లూ బొత్తాంలోంచి వచ్చినవి కావు, చెప్పినవారి అలవాట్లలోంచి వచ్చినవి. ఇంటి గడప దగ్గర రోజూ నొక్కేది కాలింగ్ బెల్లే గనుక మొదటివారికి అదే తోచింది. బెజవాడవాసికి ఇనుప ముక్క ఏది కనబడినా ఆటోనగర్ గుర్తుకు రావడం సహజం గనుక రెండోవారికి కారు తోచింది. మూడో ఆయన సంగతి చెప్పనక్కరలేదు. 'బ్రిటిషు', 'రైల్వే' అన్న రెండు మాటలు పక్కపక్కన పడితే ఎంత చిల్లర సామానుకైనా ధర పెరుగుతుంది.

నా వాదన ఒక్కటే. పేరు పెట్టే ముందు వస్తువును అడగాలి. అది ఎంతవరకు చెబుతుందో అంతవరకే రాసుకోవాలి. మిగిలినది ఖాళీగా వదలడానికి సిగ్గుపడకూడదు. తొందరపడి పెట్టిన తప్పు పేరుకన్న ఖాళీ నయం. ఖాళీని చూసిన తరవాతివారికి వెతకాలన్న ఆలోచన పుడుతుంది. తప్పు పేరు ఆ ఆలోచనే పుట్టనివ్వదు.

అడగడం అంటే ఎలా? కరెంటు పని తెలిసిన ఏ మేస్త్రీ అయినా మొదట చేసే పని రెండు మరలకూ మీటరు తగిలించి చూడడం. మీటరు లేకపోతే చిన్న టార్చి సెల్లు, బుడ్డి బల్బు చాలు. పొరపాటున కూడా ఇంటి 230 ఓల్టుల కరెంటుకు తగిలించకూడదు. ఎన్ని ఓల్టులకు చేశారో తెలియని పాత వస్తువు, లోపల ఎంత చిట్లిందో కంటికి కనబడదు. అలా సెల్లుతో చూస్తే, ఈ బొత్తాం ముట్టుకోకుండా ఉన్నప్పుడు బల్బు వెలిగింది. నొక్కితే ఆరిపోయింది. వదిలితే మళ్ళీ వెలిగింది. పదిసార్లు చూసినా అదే వరస. కాబట్టి ఇది లోపల ఇరుక్కుపోయిన స్ప్రింగు తంటా కాదు, దాన్ని అలాగే చేశారు.

ఈ ఒక్క పరీక్షతో సగం పేర్లు రాలిపోతాయి. నొక్కుడు బొత్తాలలో రెండు జాతులున్నాయి. ఊరికే ఉన్నప్పుడు తీగలను విడదీసి ఉంచి, నొక్కితే కలిపేవి ఒక జాతి. ఊరికే ఉన్నప్పుడు కలిపి ఉంచి, నొక్కితే విడదీసేవి రెండో జాతి. మేస్త్రీలు మొదటిదాన్ని ఎన్‌వో అనీ, రెండోదాన్ని ఎన్‌సీ అనీ అంటారు. కాలింగ్ బెల్లు, కారు హారను, ఇంజను స్టార్టరు మొదటి జాతివి. మన బొత్తాం రెండో జాతిది. దీన్ని తీసుకువెళ్ళి మామూలు కాలింగ్ బెల్లుకు బిగిస్తే ఇంట్లో గంట రాత్రింబవళ్ళు మోగుతూ, చుట్టం వచ్చి నొక్కినప్పుడు మాత్రం ఊరుకుంటుంది!

మరి నొక్కితే విడిపోయే బొత్తాం ఎవరికి కావాలి? నాకు తెలిసి నాలుగు రకాలవారికి కావాలి.

మొదటిది తలుపు. ఫ్రిజ్జు తలుపు వేసినప్పుడు లోపలి దీపం ఆరిపోవడానికి కారణం, తలుపు ఒక బొత్తాన్ని నొక్కి ఉంచడమే. తలుపు తీస్తే బొత్తాం బయటకు వస్తుంది, దీపం వెలుగుతుంది. కాని అక్కడ నొక్కేది వేలు కాదు, తలుపు. అటువంటి బొత్తాం కొన గుండ్రంగా ఉబ్బి ఉంటుంది గాని, వేలికోసం గుంటపడి ఉండదు. కాబట్టి మనది తలుపు బొత్తాం అయ్యే అవకాశం తక్కువ.

రెండోది దొంగల భయం. కొన్ని అలారాలలో తీగ చుట్టంతా కరెంటు ఎప్పుడూ పారుతూ ఉంటుంది. అది ఎక్కడ తెగినా గంట మోగుతుంది. దొంగ తీగ కత్తిరించినా మోగుతుంది, లోపలివారు బొత్తాం నొక్కినా మోగుతుంది. మూడోది రేడియో స్టూడియో. మాట్లాడే మనిషికి దగ్గు వస్తే, నొక్కి ఉంచినంతసేపు మైకు మూగపోయేలా చేసే బొత్తాం ఉండేది. దాని పేరే దగ్గు బొత్తాం. బెజవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది గనుక ఈ ఊహ వింటే ఎవరికైనా మనసు ఒక్క క్షణం ఉప్పొంగుతుంది. ఎందరు మహానుభావుల దగ్గును ఈ బొత్తాం కడుపులో దాచుకున్నదో అనిపిస్తుంది. అలా ఉప్పొంగినప్పుడే జాగ్రత్తగా ఉండాలి. ఊహ అందంగా ఉన్నంత మాత్రాన సాక్ష్యం కాదు.

నాలుగోది మోటారు. కృష్ణా డెల్టాలో దీన్ని అన్నిటికన్న ముందు తలచుకోవాలి. బియ్యం మిల్లుల్లో, నీటి మోటార్ల దగ్గర స్టార్టరు పెట్టెకు రెండు బొత్తాలుంటాయి. ఆకుపచ్చది నడిపించడానికి, ఎర్రది ఆపడానికి. ఆకుపచ్చది నొక్కితే పెట్టెలోని తీగచుట్టకు కరెంటు అంది, అది అయస్కాంతంగా మారి, మోటారుకు కరెంటు కలిపే పలకలను పట్టి ఉంచుతుంది. వేలు తీసేసినా ఆ పట్టు వదలదు. తన పట్టును తానే నిలుపుకునే ఏర్పాటు అందులో ఉంటుంది. ఎర్ర బొత్తాం ఆ తీగచుట్ట దారిలో కూర్చుని ఉంటుంది. దాన్ని నొక్కితే దారి తెగుతుంది, పట్టు జారుతుంది, మోటారు ఆగుతుంది. అందుకే ఆపే బొత్తాం ఎప్పుడూ రెండో జాతిది. ఈ ఏర్పాటులో ఒక ధర్మం ఉంది. కరెంటు పోతే పట్టు దానంతట అదే జారుతుంది. కరెంటు తిరిగి వచ్చినా ఎవరో ఒకరు వచ్చి ఆకుపచ్చ బొత్తాం నొక్కేదాకా మోటారు కదలదు. బొత్తానికి వచ్చే తీగ ఊడిపోయినా మోటారు ఆగుతుందే తప్ప ఆగకుండా మొండికెయ్యదు. కోతల వేళ మిల్లులో బెల్టు జారి, దాన్ని సరిచెయ్యడానికి కూలీ చెయ్యి పెట్టినప్పుడు పోయిన కరెంటు హఠాత్తుగా వస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఆ చేతిని కాపాడేది ఈ చిన్న ఏర్పాటే.

అయితే మన బొత్తాం ఎర్రది కాదు, దంతం రంగుది. కాబట్టి ఇది ఫలానా స్టార్టరు బొత్తామే అని కూడా తేల్చలేం. మెడకు మరచుట్లు, పలుచని నట్టు ఉన్నాయి గనుక దీన్ని రేకుకో సన్నని పలకకో రంధ్రం చేసి బిగించేవారని చెప్పవచ్చు. మందపాటి చెక్క దిమ్మ మీద కూర్చునే పాత ఇంటి స్విచ్చి తీరు ఇది కాదు. లోపలి పలకలు సన్ననివి గనుక, మోటారు తాగే కరెంటంతా దీని గుండా పారేది కాదు, హుకుం జారీచేసే పాటి చిన్న కరెంటు మాత్రమే పారేదని చెప్పవచ్చు. అంటే ఇది ఏదో ఒక పెట్టె ముఖం మీద, మనిషి వేలు కోసం, దేన్నో ఆపడానికో విడిపించడానికో పెట్టిన బొత్తాం. వస్తువు ఇంతదూరం వచ్చి ఆగిపోయింది. మనమూ అక్కడ ఆగాలి.

ఇక దాని వయసు. 'బ్రిటిషు కాలం' అన్న ముద్ర మన పాత సామాన్ల బజారులో ఉప్పుకన్న చవక. ముదురు గోధుమరంగు, నలుపు రంగు వస్తువు కనబడగానే బేకలైటు అంటారు, బేకలైటు అనగానే బ్రిటిషు కాలం అంటారు. లియో బేక్‌లాండ్ బేకలైటును కనిపెట్టింది 1907లో. వేడినీళ్ళలో ముంచి తీసి మూస్తే కార్బాలిక్ సబ్బు వంటి ఘాటు వాసన వస్తుంది. మన బొత్తాం ఒళ్ళు ఆ పరీక్షలో నెగ్గింది. కాని దానివల్ల తెలిసేది పదార్థమే, కాలం కాదు. బేకలైటుతో చేసిన నల్ల స్విచ్చీలు స్వతంత్రం వచ్చి దశాబ్దాలు గడిచాక కూడా మన ఇళ్ళ చెక్క బోర్డుల మీద టకటకలాడుతూనే ఉన్నాయి. ముదురు రంగు బేకలైటులో తెలుపు, దంతం వంటి లేత రంగులు రావడం కష్టం. ఆ రంగుల కోసం యూరియాతో చేసిన మరో రకం వాడకంలోకి వచ్చింది 1920ల చివరి నుంచి. కాబట్టి గోధుమరంగు ఒంట్లో దంతం రంగు బొత్తాం ఉన్న ఈ జోడు దాదాపుగా ఆ తరవాతిదే. పై హద్దు మాత్రం దొరకదు.

కాలం తెలుసుకోవాలంటే ముద్రలు చూడాలి. ఐఎస్ఐ గుర్తు ఉంటే అది స్వతంత్ర భారతంలో చేసినది; భారత ప్రమాణాల సంస్థ పుట్టిందే 1947లో, ముద్ర వేసే చట్టం వచ్చింది 1952లో. పశ్చిమ జర్మనీ అని ఉంటే 1949కి తరవాతది, 1990కి ముందుది. రైల్వే సామాను అయితే సొంతదారు అక్షరాలు వెతకాలి. బెజవాడ మీదుగా నడిచిన మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే 1908లో ఏర్పడింది, 1951లో దక్షిణ రైల్వేలో కలిసిపోయింది. దక్షిణ మధ్య రైల్వే వచ్చింది 1966లో. ఈ పేర్ల పొడి అక్షరాలలో ఏవి ఉన్నా కాలం దానంతట అదే బయటపడేది. మన బొత్తాం మీద ఏ అక్షరమూ లేదు. రైల్వే సిగ్నల్ పలకల మీద బొత్తాలు లేకపోలేదు. ఒక పెద్ద పలక మీద స్టేషను పట్టాలన్నీ గీసి, సిగ్నలుకు ఎర్ర బొత్తాం, పట్టాలు మారే చోటుకు నీలి బొత్తాం పెట్టేవారు. బండికి దారి ఇవ్వాలంటే సిగ్నలు బొత్తాన్నీ, దారి బొత్తాన్నీ రెండు చేతులతో ఒకేసారి నొక్కాలి, ఒంటరి వేలి పొరపాటుకు బండి బలికాకూడదని. కాని 'బెజవాడ జంక్షను ఊరు గనుక రైల్వే బొత్తాం' అనడం, 'గోదావరి పక్కన దొరికింది గనుక పులస' అన్నట్టు ఉంటుంది.

మరొక భ్రమ కూడా తొలగాలి. పాత ఇంట్లో బెల్లు బొత్తాం ఉంటే ఆ ఇంటికి అప్పటికే కరెంటు వచ్చిందని అనుకుంటాం. అక్కరలేదు. 1866లో జార్జి లెక్లాంషే చేసిన గాజు సీసా సెల్లుతో గంట మోగేది. కరెంటు స్తంభం ఊరి పొలిమేర తొక్కకముందే, కలిగినవారి ఇంట, దొరల బంగళాలో, గుమస్తాను పిలవడానికి సీసా సెల్లుల గంట పనిచెయ్యగలదు. 1955లో మాచ్‌ఖండ్ జల విద్యుత్తు మొదలై, ఆ తరవాత స్తంభాలు పల్లెలకు నడిచి వచ్చిన కాలానికీ, గంట బొత్తాల కాలానికీ ముడి పెట్టడానికి లేదు. కాబట్టి బొత్తాన్ని చూసి ఇంటి వయసునూ, ఇంటిని చూసి బొత్తాం వయసునూ లెక్కగట్టబోయేవారు కాస్త నిదానించాలి.

ఇన్ని పరీక్షలు చేసినా ఒక్క ప్రశ్నకు మాత్రం బొత్తాం నోరు విప్పదు. అది ఎక్కడిది? గుడివాడ మిల్లుదా, బందరు కచేరీదా, బెజవాడ సినిమా హాలుదా? ఈ సమాచారం దాని ఒంట్లో ఎన్నడూ లేదు. అది ఉన్న గోడలో, పెట్టెలో, పక్కనున్న తీగల్లో ఉండేది. గోడలోంచి ఊడబీకిన క్షణంలోనే అది పోయింది. ఆ పోగొట్టుకోవడానికి కారణం కాలం కాదు, స్క్రూడ్రైవరు.

ఇది చిన్న వస్తువులకే పట్టిన దుర్గతి కాదు. ఏరు దాటి అమరావతికి వెళ్ళి చూడండి. 18వ శతాబ్దం చివర అక్కడి దిబ్బను ఇళ్ళకు రాయి కోసం తవ్వారు. 1797లో కాలిన్ మెకంజీ చూశాడు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించాడు. పలకలు కొన్ని మద్రాసుకూ, కొన్ని లండనుకూ చేరాయి. రాళ్ళు దక్కాయి, శిల్పం దక్కింది. కాని ఏ పలక స్తూపం చుట్టూ ఎక్కడ నిలబడి ఉండేదో, దాని పక్కన ఏది ఉండేదో చాలా వాటి విషయంలో దక్కలేదు. ఆ అమరిక ఎలా ఉండేదో ఊహించడానికి పండితులు తరాల తరబడి తలలు బద్దలుకొట్టుకున్నారు. మహాస్తూపానికీ రూపాయి బిళ్ళంత బొత్తానికీ పోలికేమిటని నవ్వవచ్చు. విలువలో పోలిక లేదు, జరిగిన నష్టంలో ఉంది. రెండు చోట్లా వస్తువు మిగిలింది, చోటు పోయింది.

"పోతే పోయింది, ఒక బొత్తాం గురించి ఇంత రాద్ధాంతమా?" అనేవారుంటారు. వారికి నా జవాబు ఇది. డెల్టా చరిత్ర చెప్పమంటే మనం 1855లో పూర్తయిన ఆనకట్ట గురించి చెబుతాం, 1957 నాటి ప్రకాశం బ్యారేజీ గురించి చెబుతాం. అవి నీటి చరిత్ర, ప్రభువుల చరిత్ర. మిల్లు కూలీ చరిత్ర ఏ శిలాఫలకం మీదా ఉండదు. అతని వేలు రోజుకు ఎన్నిసార్లు, దేని మీద, ఏ భయంతో పడేదో చెప్పగలిగేవి ఇటువంటి బొత్తాలే. ఆపే బొత్తాం మనిషికి ఎంత దూరంలో ఉందో చూస్తే, ఆ మిల్లు యజమాని కూలీ ప్రాణానికి ఎంత విలువ కట్టాడో తెలుస్తుంది. బెల్టు పక్కనే, చేతికి అందేటట్టు పెట్టాడా? లేక తాళం వేసిన గదిలో, మెయిను పక్కన పెట్టాడా? బొత్తాం ఒక్కటే చేతికి వస్తే ఇది తెలియదు. చోటుతో సహా తెలిస్తేనే తెలుస్తుంది. అందుకే చోటు పోవడం అంటే వివరం పోవడం కాదు, సాక్ష్యం పోవడం.

వస్తువుతో పాటు మాటా పోతున్నది. మన నిఘంటువులు స్విచ్చికి 'మీట' అంటాయి. మంచి మాటే. వీణ తీగను మీటినట్టు, వేలితో పైకీ కిందికీ ఎగదోసే పాత స్విచ్చికి అది అతికినట్టు సరిపోతుంది. కాని నొక్కుడు బొత్తాన్ని ఎవరూ మీటరు, నొక్కుతారు. పని చేసేవారికి ఈ తేడా బాగా తెలుసు. వారి నోట అది 'బొత్తాం', 'బటను', 'పుష్షు'. ఫ్యూజును 'ఫీజు' చేసి "ఫీజు కొట్టేసింది" అన్నవారు, "ఫేజు రివర్సయింది", "కాయిలు పట్టడం లేదు", "కాంటాక్టు కాలింది" అంటూ ఒక్కొక్క జబ్బుకు ఒక్కొక్క మాట పుట్టించుకున్నవారు వాళ్ళు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశం తెచ్చింది. వ్యవసాయ పదాల సంపుటం 1962లోనూ, చేనేత పదాల సంపుటం 1971లోనూ వచ్చాయి. నాగలి భాగాలకూ మగ్గం భాగాలకూ ఊరూరా ఏమంటారో అందులో చూసుకోవచ్చు. నాగలికీ మగ్గానికీ దక్కిన మర్యాద స్టార్టరు పెట్టెకు ఎందుకు దక్కకూడదు? అది తెల్లవాడి యంత్రమనా? మాటలు మాత్రం మనవాళ్ళవే. అరవై ఏళ్ళు కరెంటు పని చేసిన మనిషి పోయినప్పుడు, పుస్తకమయ్యేన్ని మాటలు ఆయనతోనే పోతాయి.

తొందర ఎందుకంటే, చెప్పడానికి కారణాలు మన కళ్ళముందే ఉన్నాయి. బెజవాడలో పెంకుటిళ్ళూ డాబాలూ కూలి అపార్టుమెంట్లు లేస్తున్నాయి. పాత ఇంటి తలుపులూ దూలాలూ అమ్ముడుపోతాయి, తీగలు రాగికింద తూకానికి పోతాయి, స్విచ్చీలు గోతిలో పడతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. నీరు తీసిన తరవాత వీధుల వెంట తడిసిన సామాన్లు గుట్టలుగా పడ్డాయి. అన్నం కోసం, తాగే నీళ్ళ కోసం ఎదురుచూసిన మనిషిని స్విచ్చి దాచుకోమని అడిగే కఠినాత్ముడు ఎవడూ ఉండడు, నేనూ అడగను. వరద రాని రోజుల్లో, కడుపు నిండి కూర్చున్న మనం ఏం చేశామన్నదే ప్రశ్న.

చెయ్యవలసింది పెద్ద పనేమీ కాదు. ఇల్లు గాని, మిల్లు గాని కూలుస్తున్నారని తెలిస్తే, మెయిను ఆపించిన తరవాత, ఊడదీయకముందే గోడతో సహా ఒక ఫొటో తీయండి. దగ్గర నుంచి ఒకటి, గది మొత్తం కనబడేటట్టు ఒకటి. ఊడదీసిన వస్తువు తీగలను మొదలంటా కత్తిరించవద్దు. జానెడు ముక్క వదలండి. గుడ్డ చుట్టిన రబ్బరు తీగా, ప్లాస్టిక్ తీగా అన్నది కాలాన్ని చెబుతుంది. చింతపండుతో ఇత్తడిని తళతళలాడేటట్టు తోమకండి. సముద్రపు గాలి పట్టించిన చిలుము కూడా ఒక సాక్షే. తోమితే అరిగిన అక్షరాలు పూర్తిగా పోతాయి. దారం కట్టి, చీటీ మీద ఊరు, ఇల్లు, గది, తేదీ రాయండి. అన్నిటికన్న ముఖ్యం, అక్కడ పనిచేసిన పెద్దాయన ఎవరైనా ఉంటే "తాతగారూ, దీన్ని మీరు ఏమనేవారు? ఎప్పుడు నొక్కేవారు?" అని అడిగి, ఆయన అన్న మాటను ఆయన పలికినట్టే రాసుకోండి. దాన్ని దిద్ది గ్రాంథికం చెయ్యకండి.

రాసేటప్పుడు మూడు వరసలుగా రాస్తే చాలు. చూసినది ఒక వరస, చూసిన దాన్నిబట్టి తేల్చినది ఒక వరస, విన్నది ఒక వరస. వీటిని కలగలపనంతకాలం ఎంత చిన్న టపా అయినా తరవాతివారికి పనికివస్తుంది. నా దగ్గరి బొత్తానికి నేను రాసుకున్న చీటీ ఇది: "బేకలైటు ఒళ్ళు, దంతం రంగు బొత్తాం. ఊరికే ఉన్నప్పుడు తీగలను కలిపి ఉంచుతుంది, నొక్కితే విడదీస్తుంది. పలుచని పలకకు నట్టుతో బిగించేది, వేలితో నొక్కేది, కొద్దిపాటి కరెంటుకు సరిపోయేది. కాలింగ్ బెల్లుదీ హారనుదీ కాదు. 1920ల చివరికి ముందుది కాకపోవచ్చు. దొరికిన చోటు: బెజవాడ వన్‌టౌన్, పాత సామాన్ల కొట్టు. ఉపయోగం:" ఆ చివరి మాట పక్కన చోటు వదిలాను.

మిత్రులారా, మీలో ఎవరి తండ్రిగారైనా, మామగారైనా మిల్లులోనో, స్టేషనులోనో, సినిమా హాలు ప్రొజెక్టరు గదిలోనో, కరెంటాఫీసులోనో పనిచేసి ఉంటారు. ఈ ఆదివారం ఆయన పక్కన కాసేపు కూర్చోండి. నా బొత్తాం సంగతి అడగకపోయినా సరే. ఆయన వేలు రోజూ నొక్కిన బొత్తాల పేర్లు చెప్పమనండి, చెప్పినవి చెప్పినట్టు మీ మీ బ్లాగుల్లో రాయండి.